పాఠం ఇంటికి చేరింది, జవాబు తిరిగి రావడమే కష్టమైంది: ఒక జడ్పీ హైస్కూల్లో ఆన్‌లైన్ చదువు

ఈ కేస్ స్టడీ నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల అంచున ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలది. నేను అక్కడ లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. ఊరి పేరు, పిల్లల పేర్లు రాయడం లేదు. 2020 సెప్టెంబర్ నుంచి 2021 ఆగస్టు దాకా కరోనా వల్ల బడి మూతపడి, మధ్యలో కొన్నాళ్లు తెరుచుకుని, మళ్లీ మూతపడింది. ఆ కాలంలో తొమ్మిది, పది తరగతులకు లెక్కలు ఎలా చెప్పాం, అందులో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అన్నదే ఇక్కడి విషయం.

ఆన్‌లైన్ చదువు అనగానే అందరూ ముందు ఫోన్లు, సిగ్నల్ గురించే మాట్లాడతారు. అవి సమస్యలు కావని నేను అనను. కానీ వాటికి మా దగ్గర ఏదో ఒక దారి దొరికింది. చాలాకాలం దొరకనిది వేరే ఉంది. పిల్లవాడు ఏ మెట్టు దగ్గర తప్పు చేస్తున్నాడో టీచర్‌కు తెలిసే మార్గం లేకపోయింది. తరగతి గదిలో బెంచీల మధ్య ఒక్క చుట్టు తిరిగితే ఆ సంగతి తెలిసిపోతుంది. టీవీ పెట్టి, వాట్సాప్ గ్రూపు పెట్టి పాఠం పంపించగలిగాం గానీ, ఆ చుట్టు తిరగడం మాత్రం పోయింది.

అప్పటి పరిస్థితి

2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మొదలై మూడు పేపర్లు అయ్యాక ఆగిపోయాయి. జూన్‌లో మిగతావి రద్దు చేసి, ఇంటర్నల్ మార్కుల మీద రాష్ట్రమంతా కలిపి 5 లక్షల 30 వేల మందికి పైగా పిల్లలను పాస్ చేశారు. తర్వాతి బ్యాచ్‌కు బడి గంటే కొట్టలేదు. ఆగస్టు చివర్లో మమ్మల్ని బడికి రమ్మన్నారు. సెప్టెంబర్ 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి వరకు దూరదర్శన్ యాదగిరిలో, తెలంగాణ ప్రభుత్వ విద్యా ఛానెల్ టీ-శాట్‌లో డిజిటల్ పాఠాలు వచ్చాయి. పాఠానికి తగ్గ వర్క్‌షీట్లు రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) నుంచి వచ్చేవి.

అంతకుముందే జూలైలో కేంద్రం 'ప్రజ్ఞాత' పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వాళ్లకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల సెషన్లు నాలుగు దాటకూడదని అందులో ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జూమ్‌లో కూర్చోబెట్టే ప్రైవేటు స్కూళ్లకు అది అవసరమైన కట్టడే. మా పిల్లలకు ఒక్క సెషన్ దొరికితేనే గొప్ప.

పాఠాలు మొదలయ్యే ముందు ఊళ్లు, తండాలు పంచుకుని ఇల్లిల్లూ తిరిగాం. ఎవరింట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరికి ఏదీ లేదు అని లిస్టులు రాశాం. ఏదీ లేనివాళ్లను పక్కింటి టీవీకో, గ్రామపంచాయతీ టీవీకో జత చేశాం. కాగితం మీద చూస్తే దాదాపు అందరూ కవరయ్యారు. గ్రామీణ ప్రాంతాల్లో బడిలో పేరున్న పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం ఉంటే, 2020 నాటికి 61.8 శాతానికి పెరిగాయని ఆ ఏడాది అసర్ సర్వే (పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే సర్వే) చెప్పింది. మా లిస్టు కూడా ఇంచుమించు అలాగే ఉంది.

అయితే ఫోన్ ఇంట్లో ఉంది అంటే పిల్లల చేతిలో ఉందని కాదు. ఒకరి తండ్రి ట్రాక్టర్ డ్రైవరు, ఒకరి తండ్రి అచ్చంపేటలో మేస్త్రీ పని. ఫోన్ పొద్దున ఆయన జేబులో పోతుంది, రాత్రి ఆయనతోనే వస్తుంది. "సార్, ఫోన్ మా నాయిన తాన ఉంది. మాపటికి వస్తడు" అన్న మాట ఆ ఏడాది నేను విన్నన్నిసార్లు హాజరు పట్టీ పిలిచినప్పుడు "ఎస్ సార్" కూడా విని ఉండను. పగలు పదకొండుకు గ్రూపులో పెట్టిన వర్క్‌షీట్‌ను పిల్లలు చూసేది రాత్రి ఎనిమిదికి. మేము మాత్రం సాయంత్రం నాలుగింటికే 'ఈరోజు ఎంతమంది చూశారు' అనే పట్టిక నింపి పైకి పంపాలి. ఆ పట్టికలో అంకెలు ఎప్పుడూ అందంగానే ఉండేవి. దాని గురించి ఇంతకంటే రాయను, ఆ ఏడాది ఏ హైస్కూల్లో పనిచేసినవాళ్లకైనా తెలిసిన సంగతే.

టీవీ పాఠంలో మంచి

లోపాలు చెప్పే ముందు లాభాలు చెప్పడం న్యాయం, ఎందుకంటే అవి నిజంగా ఉన్నాయి. టీవీలో చెప్పిన టీచర్లు మావాళ్లే, ప్రభుత్వ బడుల వాళ్లే. తయారై వచ్చి, బొమ్మలతో, కదిలే చిత్రాలతో చెప్పారు. సరూప త్రిభుజాల పాఠంలో థేల్స్ సిద్ధాంతం ఉంది కదా. ఒక భుజానికి సమాంతరంగా గీసిన రేఖ మిగతా రెండు భుజాలను ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది అన్నది. బోర్డు మీద నేను మూడు బొమ్మలు గీసి, స్కేలుతో కొలిచి చూపిస్తాను. తెర మీద ఆ రేఖ పైకీ కిందికీ జరుగుతూ ఉంటే పక్కన నిష్పత్తి మారకుండా కనబడుతుంది. సుద్దముక్కతో అది నా వల్ల కాదు.

రెండో లాభం, పాఠాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. టీ-శాట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉండిపోయాయి. మా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు. తరగతిలో నోరు విప్పడు, అర్థమైందా అంటే తల ఊపుతాడు. వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి వాడికి ఎనభై శాతం మంది కంటే ముందు వచ్చింది. ఎలా వచ్చిందిరా అని అడిగితే, "బడిల మళ్ల చెప్పమంటే అందరు నవ్వుతరు సార్. వీడియోను ఎన్నిసార్లు అడిగినా నవ్వదు గద" అన్నాడు. ఇలాంటి పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లకు మేలు చేసింది ఫోన్ కంటే కూడా సిగ్గుపడాల్సిన అవసరం లేకపోవడమే అనుకుంటాను.

ఇంకోటి కూడా ఉంది. అమ్మలు పాఠం విన్నారు. పల్లీలు ఒలుచుకుంటూ టీవీ ముందు కూర్చున్న ఒక తల్లి, "ఈ సారు జల్దీ జల్దీ చెప్తుండు, మీరే నయం" అంది నాతో. పొగడ్త సంగతి అలా ఉంచితే, ఆమె పట్టుకున్నది సరైన విషయం. పాఠం అరగంటలో అయిపోతుంది. ఎదురుగా ఎవరి మొహం ఎలా ఉందో టీవీలో టీచర్‌కు కనబడదు. ముందు తరగతుల్లో ఖాళీలున్న పిల్లవాడికి ఆ వేగం అందదు.

ఒకే తప్పు, ఎన్నో నోట్‌బుక్కులు

మొదట్లో పద్ధతి ఇది: టీవీ పాఠం చూడాలి, వర్క్‌షీట్ నోట్‌బుక్‌లో చేయాలి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. అన్ని బడుల్లోనూ దాదాపు ఇదే. ఫోటోలు బాగానే వచ్చాయి. వర్గ సమీకరణాల పాఠం వచ్చేసరికి సంగతి బయటపడింది.

ఇచ్చిన లెక్క టూ ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్ మైనస్ సిక్స్ ఈక్వల్ టు జీరో. సూత్రంతో మూలాలు కనుక్కోవాలి. విచక్షణి (సూత్రంలో వర్గమూలం కింద ఉండే బీ స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ) దగ్గర ఒకటి ప్లస్ నలభై ఎనిమిది, నలభై తొమ్మిది రావాలి. వర్గమూలం ఏడు. మూలాలు 3/2, -2. వచ్చిన ఫోటోల్లో చాలా వాటిలో విచక్షణి 1 - 48 = -47 అని ఉంది. ఆ కింది వరుసలోనే మూలాలు 3/2, -2 అని సరిగ్గా ఉన్నాయి! మైనస్ నలభై ఏడుకు వర్గమూలం తీసి ఈ జవాబు తేవడం ఎవరి వల్లా కాదు. ఎవరో ఒకరు మధ్యలో తప్పు చేసి, చివరి జవాబు గైడ్ చూసి వేశారు. మిగతావాళ్లు ఆ ఫోటో చూసి ఎక్కించుకున్నారు. ఆఖరికి కొట్టివేత కూడా రెండు నోట్‌బుక్కుల్లో ఒకే చోట ఉంది.

పిల్లలను తిట్టి లాభం లేదు. గ్రూపులో మొదట వచ్చిన ఫోటో మిగతా అందరి తెర మీదా కనబడుతుంది. ఫోన్ చేతికి వచ్చేది రాత్రి గంటసేపు, ఆ గంటలో అన్ని సబ్జెక్టుల ఫోటోలు పెట్టాలి. నేను ఆ పిల్లవాడి స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను. ఫోటో నాకు చెప్పేది ఒక్కటే, ఆ పిల్లవాడి దగ్గర నోట్‌బుక్, పెన్ను ఉన్నాయని. వాడికి విచక్షణి వచ్చిందో లేదో దానితో తేలదు.

ఫోటో బదులు గొంతు

అప్పుడు మార్చాం. ఫోటోలు గ్రూపులో పెట్టొద్దు అన్నాం. లెక్క చేసుకోండి, మీ దగ్గరే ఉంచుకోండి. నాకు మాత్రం ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి, గ్రూపుకు కాదు, నా నంబర్‌కు. ప్రశ్న 'జవాబు ఎంత' అని ఉండదు, 'ఎందుకు' అని ఉంటుంది. ఈ లెక్కకు అడిగింది ఇది: "విచక్షణిలో మైనస్ నలభై ఎనిమిది కాకుండా ప్లస్ నలభై ఎనిమిది ఎందుకు వచ్చింది? మీ మాటల్లో చెప్పండి."

వాయిస్ మెసేజ్‌కు డేటా పెద్దగా ఖర్చు కాదు, వీడియో ఆడని సిగ్నల్‌లో కూడా వెళ్తుంది. తండాలో సిగ్నల్ లేనివాళ్లు రికార్డు చేసి ఉంచితే, తండ్రి మర్నాడు ఫోన్ పట్టుకుని ఊళ్లోకి వచ్చినప్పుడు దానంతట అదే చేరేది. అన్నిటికంటే ముఖ్యం, పక్కవాడి గొంతు ఎవడూ కాపీ కొట్టలేడు. ఎవరో రాసిచ్చింది చూసి చదివినా గొంతులో తెలిసిపోతుంది. సొంతంగా చెప్పేవాడు తడబడతాడు, వెనక్కి వస్తాడు, చూసి చదివేవాడు తడబడకుండా పోతాడు.

వచ్చిన వాటిలో ఒకమ్మాయి ఇలా చెప్పింది: "సార్, సీ జాగల మైనస్ సిక్స్ ఉంది. సూత్రంల ముందల ఇంకో మైనస్ ఉంది. గుణిస్తే ప్లస్ అయితది." సరిపోయింది. ఇంకొక అబ్బాయి, "రెండు మైనస్‌లు ఉన్నయి సార్, రెండు మైనస్‌లు ఉంటే ప్లస్ అయితది" అన్నాడు. ఇదీ సరైనదే అనిపిస్తుంది. నోట్‌బుక్‌లో అయితే టిక్ పెట్టేసేవాణ్ని. కానీ 'గుణిస్తే' అన్న మాట అందులో లేదు. అనుమానం వచ్చి ఫోన్ చేసి, మైనస్ మూడు మైనస్ ఐదు ఎంత అని అడిగాను. ప్లస్ ఎనిమిది అన్నాడు. అంటే వాడి ఇబ్బంది పదో తరగతి వర్గ సమీకరణం కాదు. ఎక్కడ రెండు మైనస్‌లు కనబడినా ప్లస్ చేసేస్తున్నాడు. అది చిన్న తరగతుల్లో పూర్ణసంఖ్యల దగ్గర మిగిలిపోయిన పొరపాటు. షావుకారికి మూడు వందలు అప్పుంది, ఇంకో ఐదు వందలు తెచ్చావు, ఇప్పుడు నీ దగ్గర ఎనిమిది వందలు ఉన్నాయా, నువ్వు ఎనిమిది వందలు కట్టాలా అంటే, "కట్టాలె సార్" అని నవ్వాడు. అదే రాత్రి ఇంకొందరిని ఇదే ప్రశ్న అడిగితే ఇదే పొరపాటు బయటపడింది. ఆ వారం వర్గ సమీకరణాలు పక్కన పెట్టి గుర్తుల మీదే పనిచేశాం. టీవీ పాఠాలు ముందుకు పోతూనే ఉన్నాయి, పోనీ అనుకున్నాం.

ఈ పద్ధతికి ఖరీదు ఉంది. ఫోన్లు ఇళ్లకు చేరేది ఏడు తర్వాత కాబట్టి నా పని గంటలు కూడా ఏడు తర్వాతకు మారాయి. అరవై మందికి దగ్గరగా ఉన్న తరగతిలో అందరి మెసేజ్‌లూ రోజూ వినడం ఒక మనిషి వల్ల కాదు. పిల్లలను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టుకు ఒక్కో రోజు ఇచ్చాం. ఇంట్లో వాళ్లకు నా మీద కోపం వచ్చిన మాట కూడా వాస్తవం. పిల్లల సంఖ్య ఇంతకంటే ఎక్కువ ఉంటే ఇది సాగదు.

ఫోన్ అందనివాళ్లు

అక్టోబర్ నుంచి పత్తి. మా వైపు పత్తి ఏరే రోజుల్లో బడి నడుస్తున్నప్పుడే హాజరు పలచబడుతుంది. బడే లేనప్పుడు చెప్పేదేముంది. కిలోకు ఇంత అని కూలి ఇస్తారు, పిల్లల వేళ్లు చురుగ్గా ఆడతాయి. ఉదయం టీవీలో పాఠం నడిచే వేళకు వాళ్లు చేనులో ఉన్నారు. ఆ ఇళ్లలో కరోనా వల్ల పట్నం పనులు పోయి తిరిగొచ్చిన పెద్దలు ఉన్నారు, పిల్లల కూలి ఆ ఏడాది ఇంటికి అవసరమైంది. ఇది ఆన్‌లైన్ చదువు తెచ్చిన సమస్య కాదు, కానీ బడి అనే అడ్డు తీసేసరికి బయటపడింది.

వీళ్లకు కాగితమే దిక్కయింది. వర్క్‌షీట్లు జిరాక్స్ తీసి తండాలో కిరాణా కొట్టులో పెట్టాం. సరుకులకు వచ్చినప్పుడు తీసుకుపోవాలి, చేసి అక్కడే ఇవ్వాలి. వారానికోసారి మాలో ఎవరో ఒకరం వెళ్లి తెచ్చుకునేవాళ్లం. కొట్టాయన లెక్క మాకంటే గట్టిది. ఎవరు తీసుకుపోయారు, ఎవరు తిరిగివ్వలేదు అన్నది ఉద్దెర ఖాతా పక్కనే రాసిపెట్టేవాడు.

ఆడపిల్లల సంగతి వేరు. ఇంట్లో ఫోన్ ఉన్నా, రాత్రి ఎనిమిదికి ఆడపిల్ల చేతికి ఇవ్వడానికి చాలామంది తండ్రులు ఇష్టపడలేదు. అన్నకో తమ్ముడికో ఇస్తారు, వాడు గేమ్ ఆడుకుంటాడు. పైగా మగ టీచర్ నంబర్‌కు విడిగా వాయిస్ మెసేజ్ పంపమనడం వాళ్లకు నచ్చకపోవడంలో తప్పేమీ లేదు. మా తెలుగు మేడం ఆ భారం తీసుకున్నారు. అమ్మాయిల మెసేజ్‌లు ఆమె నంబర్‌కు వచ్చేవి, అమ్మ పక్కన కూర్చున్నప్పుడే పంపాలని నియమం పెట్టుకున్నాం. పక్కపక్క ఇళ్ల అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక అమ్మ ఫోన్‌లో పంపేవాళ్లు. దీనితో అమ్మాయిల జవాబులు పెరిగాయి గానీ, మేడం గారికి లెక్కలు ఎక్కడ తప్పాయో పట్టుకోవడానికి నేను మళ్లీ వినాల్సి వచ్చేది. తర్వాత వచ్చిన 2023 అసర్ నివేదికలో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లలో, స్మార్ట్‌ఫోన్ వాడడం తెలిసిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉందని చూసినప్పుడు నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు.

బడి తెరిచాక తెలిసింది

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. మొదటి వారం పరీక్ష పెట్టి చూశాం. వాయిస్ మెసేజ్‌లు క్రమంగా పంపినవాళ్లు బోర్డు దగ్గర నిలబడి కారణం చెప్పగలిగారు. అదే లెక్క కాగితం మీద రాయమంటే మెట్లు మింగేశారు. సమానం గుర్తులు లేవు, భిన్నం గీత కింద ఏముందో తెలియదు. చేతిరాత వేగం అందరిలోనూ పడిపోయింది, ఒక పేజీ రాసి చెయ్యి విదిలించుకున్నారు. నోటితో అడిగినదాన్ని నోటికే నేర్పించాం, మరి. రాత కూడా కావాలంటే, జట్టులో ఒక్కొక్కరికి వేరే వేరే అంకెలున్న లెక్క ఇచ్చి, దాని ఫోటో, గొంతు రెండూ అడగాలి. కాగితం వర్క్‌షీట్లతో చేసిన తండా పిల్లలు రాతలో వీళ్లకంటే మెరుగ్గా ఉండడం మేమెవరమూ ఊహించనిది.

మార్చి 24 నుంచి మళ్లీ మూత. పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి, ఒక్క ఎఫ్‌ఏ-1 (బడిలోనే పెట్టే మొదటి ఇంటర్నల్ పరీక్ష) మార్కుల ఆధారంగా గ్రేడ్లు ఇచ్చారు. రాష్ట్రంలో రెండు లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ వచ్చింది. మా బడిలో కూడా వచ్చింది, స్వీట్లు పంచారు. అందుకే ఈ పద్ధతి వల్ల ఫలితాలు పెరిగాయని నేను చెప్పలేను. కొలిచే బయటి పరీక్షే లేకపోయింది. అప్పటి తొమ్మిదో తరగతి వాళ్లు 2022 మేలో పబ్లిక్ రాశారు, అదీ పదకొండు పేపర్లు ఆరుకు తగ్గించి, సిలబస్ కోసి. దానితో పోల్చడం కూడా కుదరదు.

2021 నవంబర్‌లో దేశమంతా జరిగిన జాతీయ సాధన సర్వేలో పిల్లలనే అడిగారు. ఇంట్లో డిజిటల్ పరికరం లేదన్నవాళ్లు 24 శాతం. బడిలో తోటివాళ్ల సాయంతో బాగా నేర్చుకుంటాం అన్నవాళ్లు 80 శాతం. మొదటి అంకె మీద చాలా చర్చ జరిగింది, ట్యాబ్‌ల కొనుగోళ్లు జరిగాయి. రెండో అంకె మీద అంత చర్చ జరగలేదు. నా మట్టుకు పనికొచ్చే అంకె అదే. జట్లుగా విడదీసినప్పుడు మా పిల్లలు నాకు పంపే ముందు ఒకరికొకరు ఫోన్లో చెప్పుకుని సరిచూసుకోవడం మొదలుపెట్టారు. అది మేము చెప్పింది కాదు, వాళ్లే చేసుకున్నది.

ఇప్పుడు ఏం మిగిలింది

ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు సుమారు 4.6 లక్షల మందికి, టీచర్లకు ట్యాబ్‌లు ఇచ్చారు. పాఠాలు ముందే ఎక్కించి ఇవ్వడం వల్ల నెట్ లేకపోయినా నడుస్తాయి. కృష్ణకు అవతల నంద్యాల వైపు పనిచేసే మిత్రుడితో మాట్లాడినప్పుడు నేను అడిగేది ఒకటే: పిల్లవాడు ట్యాబ్‌లో చేసినదాంట్లో నీకేం కనబడుతుంది? స్కోరు కనబడుతుంది అంటాడు. ఏ మెట్టు దగ్గర జారాడో తెలియాలంటే ఆయన కూడా పిలిచి అడగాల్సిందే. పాఠం ఆఫ్‌లైన్‌లో పెట్టడం మాత్రం మంచి ఆలోచన, మాకు 2020లో అది ఉంటే తండాల్లో సగం తలనొప్పి తగ్గేది.

మా బడిలో ఆ రోజులనుంచి మూడు పనులు ఆగకుండా నడుస్తున్నాయి. పత్తి రోజుల్లో, జ్వరాల రోజుల్లో బడికి రానివాళ్లకు ఆ పాఠం వీడియో లింకు పంపుతాం, తిరిగొచ్చిన రోజు మొదటి పీరియడ్‌లో ఐదు నిమిషాలు నోటితో అడుగుతాం. కిరాణా కొట్టులో వర్క్‌షీట్లు సెలవుల్లో ఇప్పటికీ ఉంటాయి. ఆదివారం ఒక్క 'ఎందుకు' ప్రశ్నకు వాయిస్ మెసేజ్ పంపాలి, అది ఇష్టమైనవాళ్లకే.

2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీష్ మీడియం వచ్చింది, ఆ పిల్లలు పైకి వచ్చారు. వాళ్లు లెక్క ఇంగ్లీషులో రాస్తారు, వాయిస్‌లో కారణం ఇంగ్లీషులో చెప్పమంటే పుస్తకంలో వాక్యం అప్పజెబుతారు. అందుకే వాయిస్ ఇంటి మాటలోనే చెప్పమంటున్నాను. కొందరు తల్లిదండ్రులు దీనికి ఒప్పుకోవడం లేదు. ఇంగ్లీష్ మీడియంలో వేసింది ఇందుకా సార్ అంటున్నారు. వాళ్లతో వచ్చే పేరెంట్స్ మీటింగులో కూర్చుని, అదే పిల్లవాడి రెండు రికార్డింగులూ, ఇంగ్లీషుదీ తెలుగుదీ, పక్కపక్కన వినిపించాలని అనుకున్నాం.